గడువు చీటీ గల్లంతు

1950ల నాటికి కుటుంబమంతా కలిసి పౌర గ్రంథాలయానికి బయలుదేరితే అందరి టికెట్లూ పెద్దాయన చేతిసంచిలోనే చేరేవి. ఎవరి టికెట్టు మీద ఏ పుస్తకం వచ్చిందో ఇంట్లో ఎవరికీ గుర్తుండేది కాదు గాని, గ్రంథాలయానికి మాత్రం కచ్చితంగా తెలిసేది. చాలాచోట్ల బ్రౌన్ పద్ధతి అమలులో ఉండటమే అందుకు కారణం. ఎన్ని పుస్తకాలు తీసుకోవచ్చునో అన్ని టికెట్లు సభ్యుడికి ఇచ్చేవారు. ఒక్కొక్కటీ చిన్న అట్ట సంచిలా ఉండేది. పుస్తకంలోని కార్డును తీసి ఆ సంచిలో దోపి, తిరిగి ఇవ్వవలసిన తేదీల వరుసలో ట్రేలో నిలబెట్టి, అదే తేదీని పుస్తకంలో అంటించిన చీటీ మీద ముద్ర వేసేవారు. పుస్తకం తిరిగి రాగానే గుమాస్తా చీటీ మీది తేదీ చూసి, ట్రేలో ఆ తేదీ వెనుక వెతికి, కార్డును పుస్తకానికీ టికెట్టును సభ్యుడికీ అప్పగించేవాడు.

ఇంత యంత్రాంగమూ ఆ కాగితం ముక్క మీదే ఆధారపడి ఉందని కనిపెట్టినవాడు ఆ ఇంటి ఆరేళ్ళ మనవడు. పౌర గ్రంథాలయం ప్రధానంగా పెద్దల కోసమే అయినా, పిల్లల పఠనాభిరుచిని కూడా పెంపొందించాలని 1949లో యునెస్కో తన ప్రకటనలో చెప్పింది. వీడిలో ఆ అభిరుచి అక్షరాల వైపు కాక ముద్రల వైపు పెరిగింది. అక్కలిద్దరినీ సభ్యులుగా చేర్చుకుని ఇంట్లో సొంత గ్రంథాలయం తెరిచిన వాడికి అసలైన గడువు చీటీ ఒకటి అవసరమైంది. తాతగారి వేదాంత గ్రంథం లోపలి చీటీని తడిగుడ్డతో అద్ది, ఎక్కడా చిరగకుండా ఊడదీశాడు. పనితనం మెచ్చుకోదగ్గదే.

గ్రంథాలయంలో కౌంటరు దగ్గర గుమాస్తా పుస్తకం తెరిచి, "తేదీ ఏదండీ?" అన్నాడు. మంగళవారమని తాతగారు, బంధువులు వచ్చి వెళ్ళిన మరునాడని బామ్మగారు, పెద్దపిల్లకు జ్వరం తగ్గిన రోజని కోడలు చెప్పారు. ట్రేలో ఇటువంటి తేదీలకు విభాగాలు లేవు. పుస్తకం సంఖ్య పట్టుకుని గుమాస్తా మొదటి తేదీ నుంచి ఒక్కొక్క కార్డూ చూడసాగాడు. చదువరి కాలాన్ని ఆదా చేయమని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో ప్రకటించిన నాలుగో సూత్రం అక్కడ ఎవరికీ గుర్తు రాలేదు. గ్రంథాలయం పెరిగే జీవి అన్న అయిదో సూత్రానికి నిదర్శనంగా వెనుక వరుస పెరిగింది. ఆ వరుసలోని పిల్లలు తాము తిరిగి ఇవ్వడానికి తెచ్చిన పుస్తకాలనే మళ్ళీ చదవడం మొదలుపెట్టారు.

తాతగారికి ఓర్పు నశించింది. "సంఖ్య ఎందుకు నాయనా, టికెట్టు మీద నా పేరు ఉంటుంది కదా, పేరు చూడు," అన్నారు. ఆ సలహా ఆయన ఇవ్వకుండా ఉంటే బాగుండేది.

"ఇదిగోనండి, దొరికింది," అంటూ గుమాస్తా వరుసంతటికీ వినబడేలా చదివాడు. "కాని ఇందులో ఉన్నది డిటెక్టివ్ నవల కార్డు. గడువు దాటి చాలా రోజులైంది."

"మావయ్యగారూ, ఆ నవల ఎవరో తీసుకుపోయారని మీరే చెప్పారు కదా!" అంది కోడలు. తాతగారు బదులు చెప్పకుండా గోడమీది 'నిశ్శబ్దము పాటింపుడు' అన్న బోర్డును చూపించారు. సాయంత్రాలు తలుపు వేసుకుని సాగించిన వేదాంత విచారణ మీద బామ్మగారికి ఆ క్షణంలోనే అనుమానం కలిగింది.

పరిస్థితి విషమించడంతో మనవడు ముందుకు వచ్చాడు. "తాతయ్యా, వేదాంతం పుస్తకానికి గడువు దాటలేదు. నేను పొడిగించాను," అంటూ జేబులోంచి చీటీ తీశాడు. గ్రంథాలయం వేసిన చివరి తేదీ మీద వాడి సొంత ముద్ర నిండుగా పడి ఉంది. దాని కింద ఏముందో ఎవరికీ కనబడదు. గుమాస్తా చీటీని అందుకుని, జిగురు సీసా దగ్గరకు జరుపుకుని, మళ్ళీ ట్రే మొదటికి వెళ్ళాడు.

మనవడు కౌంటరు మీదికి చేయి చాపాడు.

"అది మా గ్రంథాలయం చీటీ. తీసుకునేటట్లయితే ముందు మీ టికెట్టు ఇవ్వండి."