పెట్టె నంబరు సరే, ఫాగింగ్ కబురేదీ?

కాలిఫోర్నియాలో పెరట్లో ఒక్క తేనెపెట్టె ఉన్నా ఏటా జనవరిలో కౌంటీ వ్యవసాయ కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. పెట్టెను వేరేచోటికి మారిస్తే 72 గంటల్లో చెప్పాలి. ఫ్రీమాంట్‌లో ఇల్లు కొన్న మనవాళ్లకు ఇదో తలనొప్పి. కానీ బదులుగా దక్కేది చూడండి: కబురు కావాలని అడిగిన పెంపకందారుకు, మైలు లోపు పూత మీద తేనెటీగలను చంపే మందు కొట్టబోయేవారు 48 గంటల ముందే చెప్పి తీరాలి.

మన దగ్గర తేనెటీగల పెంపకందార్లను నమోదు చేసే కేంద్రప్రభుత్వ మధుక్రాంతి పోర్టల్ 2021 ఏప్రిల్‌లో వచ్చింది. అది తేనె జాడ తీయడానికి. అంటే సరుకు కోసం, ఈగ కోసం కాదు. మేడ మీద రెండు పెట్టెలు పెట్టుకున్నవాడికి దాంతో ఒరిగేదేమిటి?

వాడికి కావాల్సింది ఫాగింగ్ కబురు. సాయంత్రం ఐదున్నరకే దోమల బండి వస్తే మేతకెళ్లిన ఈగలు ఇంకా బయటే ఉంటాయి. ఎండాకాలం ఉక్కకు మరికొన్ని పెట్టె ముందు గుత్తిగా వేలాడుతుంటాయి. పొగ నేరుగా వాటి మీదే. ముందే తెలిస్తే, క్రితం రాత్రి అన్నీ గూడు చేరాక ద్వారానికి సన్న ఇనుపజాలి బిగించి, పెట్టెను నీడన ఉంచి, బండి వెళ్లేంతసేపు తడి గోనెపట్టా కప్పి, మర్నాడు పొద్దున జాలి తీసేస్తే చాలు. జాలి బదులు చెక్కతో మూశారో, లోపలి వేడికి మైనం మెత్తబడి పట్టు తెగి పడుతుంది. ఈగలు సొంత తేనెలోనే మునిగి చస్తాయి.

జబ్బుల సంగతీ అంతే. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు దక్షిణాది పుట్టతేనెటీగలను ఊడ్చేసింది. పిల్లపురుగు గదిలో తల పైకెత్తి చచ్చి ఉంటుంది. పటకారుతో లాగితే నీళ్ల సంచిలా వస్తుంది. నీరసించిన ఆ గూటిని పక్కవీధి ఈగలు దోచుకుంటే తేనెతోపాటు జబ్బూ వెళ్తుంది. పక్కవీధిలో పెట్టెలున్నట్టే తెలియకపోతే ఎవరిని హెచ్చరిస్తారు?

నమోదంటే అధికారి చెయ్యి చాస్తాడని, అపార్ట్‌మెంట్ సంఘం పెట్టెలు తీయిస్తుందని భయం. ఉత్త భయమేం కాదు. అందుకే అనుమతి వద్దు, నమోదు చాలు. ఫ్లోరిడా నమోదు తప్పనిసరి చేస్తూనే, నిషేధించే అధికారాన్ని 2012లో స్థానిక సంస్థల చేతిలోంచి తీసేసింది. అక్కడ పావెకరం, మన లెక్కలో 25 సెంట్ల లోపు స్థలంలో మూడు గూళ్లే. హద్దుకు 15 అడుగుల లోపు పెడితే ఆరడుగుల అడ్డు కట్టాలి, ఈగలు మనుషుల తలల పైనుంచి ఎగిరిపోయేలా. నీళ్లతొట్టి మాత్రం తొలిరోజే పెట్టాలి. పక్కింటి కూలర్‌కు ఒకసారి అలవాటు పడ్డాయంటే మళ్లించడం గగనం.

మన సర్కార్లు కౌలురైతును రాసుకుంటాయి, బోరుబావిని రాసుకుంటాయి, పెంపుడు కుక్కనూ రాసుకుంటాయి. రాసుకున్నాక ఆ మనిషికి తిరిగి చెప్పాల్సింది ఒకటుందని ఏ దరఖాస్తూ ఒప్పుకోదు. తేనెపెట్టెకు నాలుగు గడులు చాలు: వీధి, ఎన్ని పెట్టెలు, ఏ జాతి ఈగ, ఫోన్ నంబరు. ఆ నాలుగో గడిలోని నంబరుకు వార్డు ఫాగింగ్ వేళలు వచ్చేదాకా, మేడ మీది పెట్టెను దాచుకునేవాణ్ణి తప్పుపట్టలేం.