కత్తిరించిన సగం స్ట్రిప్పు గారికి

ఫ్రిజ్ మీద బిస్కెట్ డబ్బాలో కాపురముంటున్న స్ట్రిప్పు గారూ,

పేరు పెట్టి పిలుద్దామంటే తెలియదు. మెడికల్ షాపు అబ్బాయి కత్తెరేసినప్పుడు మీ పేరు సగం, ఎక్స్‌పైరీ డేటు మొత్తం అవతలి ముక్కతో వెళ్లిపోయాయి. మీకు మిగిలింది "...ఫెనాక్" అనే తోక. అయినా మా ఇంట్లో మీకున్న గౌరవం ఎంబీబీఎస్‌లకు లేదు. "ఆ తెల్లబిళ్ళ వేసుకోరా, బాబాయికి చిటికెలో తగ్గింది" అంటుంది అమ్మ. బాబాయికి తగ్గింది మోకాలి నొప్పి.

నాకేమో కుడి దవడలో కరెంటు షాక్. బ్రష్ పెట్టినా, ఫ్యాన్ గాలి తగిలినా కొట్టేది, పది సెకన్లలో పోయేది. మిమ్మల్ని మింగగానే "చూశావా, తగ్గింది!" అనేవాళ్లు. మీరు గొంతు దిగేలోపే అది పోయింది మహాప్రభో! పేరు మాత్రం మీకొచ్చింది.

పైవాటా అత్తయ్య లవంగ నూనె పెట్టమంది. అందులోని యూజినాల్ పుచ్చు పన్నును కాసేపు నిజంగానే మొద్దుబారుస్తుంది. నాకు పుచ్చు ఉంటేగా! ఆస్పిరిన్ చిగుళ్ల పక్కన నొక్కి పెట్టమన్నాడో స్నేహితుడు. చిగురు కాలి తెల్లగా పొక్కింది. తర్వాత షాపువాడి యాంటీబయాటిక్, మూడు రోజులు. చంపడానికి అక్కడ ఏ బ్యాక్టీరియా లేదు. చివరికి ఒక డెంటిస్టు దవడ పన్ను పీకేశాడు. పన్ను ఖాళీ చేసింది, నొప్పి చేయలేదు.

"వస్తే ఎన్ని సెకన్లుంటుంది?" అని అడిగింది న్యూరాలజిస్టు ఒక్కరే. ట్రైజెమినల్ న్యూరాల్జియాట, ముఖానికి స్పర్శ తెలిపే ఐదో కపాల నరం గోల. దీనికి మీ నొప్పి మాత్రల జాతి పనికిరాదట. మూర్ఛకు ఇచ్చే కార్బమజెపైన్‌ని 1960ల నుంచీ దీనికి వాడుతున్నారు. కొంచెంతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. సోడియం పడిపోతుందేమోనని మధ్యమధ్య రక్తపరీక్ష. ఒంటిమీద దద్దుర్లొస్తే ఉన్నపళంగా రమ్మన్నారు. మొదటి వారం తూలుతూ నడిచాను, మా వీధివాళ్లు వేరే అర్థం తీశారు. షాకులు మాత్రం తగ్గాయి.

మీ మీద కోపం లేదు. పుచ్చుకీ వాపుకీ మీరు గట్టివారే, కడుపూ కిడ్నీలూ ఒప్పుకుంటే. కానీ నిన్న అమ్మ నా కొత్త స్ట్రిప్పునూ కత్తిరించి మీ పక్కనే పడేసింది. పక్కింటావిడకు పంటి నొప్పట, నా దాంట్లోంచి రెండు పంపించింది.

ఇట్లు,
ఒక పన్ను తక్కువైన మీ పాత భక్తుడు