కొలిస్టిన్ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా కొలిస్టిన్ గారూ,

నమస్కారం. పాతకాలపు యాంటీబయాటిక్ మందు మీరు, ఈ వయసులో ఇంత గిరాకీ వస్తుందని మీరు కూడా అనుకుని ఉండరు. 1950లలో వచ్చారు, కిడ్నీలూ నరాలూ పాడుచేస్తున్నారని 1970లకల్లా పక్కన పెట్టేశాం. ఇప్పుడేమో వెంటిలేటర్ మీదున్న మనిషి ఊపిరితిత్తుల్లో అసినెటోబ్యాక్టరో క్లెబ్సియెల్లానో, ఏదో ఒక మొండి బ్యాక్టీరియా తిష్ఠ వేస్తే, కుర్ర మాస్టార్లందరూ చేతులెత్తేశాక రిటైరైన మాస్టారిని రౌడీ క్లాసుకి పంపినట్టు, మిమ్మల్ని పిలుస్తున్నాం.

మీ కల్చర్ రిపోర్టు ఎప్పుడైనా చూసుకున్నారా? గొంతులో వేసిన గొట్టంలోంచి కఫం లాగి ల్యాబుకి పంపితే రెండు మూడు రోజులకి, అందులోని బ్యాక్టీరియా ఏ యాంటీబయాటిక్‌కి లొంగుతుందో చెప్పే ఓ కాగితం వస్తుంది. సెఫ్ట్రియాక్సోన్, ఆర్. అమికాసిన్, ఆర్. మెరోపెనెమ్, అదీ ఆర్. ఆర్ అంటే లొంగదని. అడుగున మీ పేరు, ఎదురుగా ఐ, అంటే అటూ ఇటూ కాని మధ్యరకం. పనిచేస్తుందని చెప్పే ఎస్ మీకిక రాదు, ఎందుకంటే 2020లో, ల్యాబు పరీక్షలకి ప్రమాణాలు పెట్టే అమెరికా సీఎల్ఎస్ఐ వాళ్ళు మీకు ఆ గడే ఎత్తేశారు. నరంలోకి ఎక్కిస్తే ఊపిరితిత్తుల దాకా సరిగ్గా చేరరు, చేరేంత ఇద్దామంటే కిడ్నీలు ఊరుకోవు. అయినా ఆ ఒక్క ఐ చూసి బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు "ఏదో ఒకటి ఉందిలే" అనుకుంటారు.

కోళ్ళ సంగతి కూడా మాట్లాడుకోవాలి. మీలాంటి ఆఖరి మందుని దాణాలో కలిపాం సార్, జబ్బుకి కాదు, బరువు పెరగడానికి! 2015లో చైనాలో ఎమ్‌సీఆర్-1 అనే జన్యువు బయటపడింది, మీకు లొంగకుండా ఉండే విద్యని ఒక బ్యాక్టీరియా ఇంకోదానికి అందించేస్తుంది. మన దేశంలో 2019లో కోళ్ళకీ పశువులకీ మిమ్మల్ని నిషేధించారు. అలాగని మొత్తం కోళ్ళ మీదకి తోసేస్తే అన్యాయం, మన ఐసీయూల్లో మీ మీద తిరగబడే క్లెబ్సియెల్లా చాలావరకు ఆ ఐసీయూల్లోనే, మిమ్మల్ని వాడీ వాడీ మనం తయారుచేసిందే.

మీ అవసరం తగ్గించే మార్గాలు లేకపోలేదు. మంచం తలవైపు 30 డిగ్రీలైనా ఎత్తి ఉంచడం, గొట్టం ఇవాళ తీసేయొచ్చా అని రోజూ చూడటం, ఒక పేషెంటుని ముట్టుకున్న చేత్తో ఇంకొకరిని ముట్టుకోకుండా మధ్యలో కడుక్కోవడం. కానీ చేతులు కడిగినందుకు బిల్లులో ఏమని రాస్తారు చెప్పండి?

కాబట్టి సిద్ధంగా ఉండండి. మొదట 90 లక్షల యూనిట్లు ఒక్కసారే, తర్వాత రోజుకి రెండు పూటలా. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగితే కిడ్నీ డాక్టరుకి కబురు పెడతారు, ఆ ఫీజు వేరే.

ఇట్లు,
వయల్స్ కోసం మెడికల్ షాపు లైన్లో నిలబడ్డ ఒక అటెండెంటు