అమ్మ చెప్పిన మాటలోనే ఉంది రోగం

అమ్మ ఫైల్లో న్యూరాలజిస్టు రాసిన ఒక మాట దగ్గర ఆగిపోయాను: లాన్సినేటింగ్ పెయిన్. లాన్స్ అంటే బల్లెం కదా, బల్లెంతో పొడిచినట్టుండే నొప్పి అనుకున్నాను. తీరా వెతికితే బల్లేనికి లాటిన్ మాట లాన్సియా. లాన్సినేటింగ్ వచ్చింది లాన్సినారే నుంచి, అంటే చీల్చి ముక్కలు చేయడం. రెండు వేల ఏళ్ల కిందట రోమన్ కవి కటుల్లస్ తండ్రి ఆస్తిని తగలేసినవాడి గురించి ఈ మాటే వాడాడు.

మరి అమ్మ ఏడాదిగా చెబుతున్నదేంటి? "పళ్ళు తోముకుంటే చాలురా, దవడ నుంచి కంటి దాకా జివ్వుమని చీల్చుకుంటూ పోతోంది. రెండు క్షణాలే, ప్రాణం పోయినంత పనవుతోంది."

అచ్చంగా అదే మాట! ముందు చూపించిన క్లినిక్‌లో ఇదేం వినలేదు. "పదికి ఎంత నొప్పమ్మా?" అన్నారు. ఎనిమిది అంది. రెండు పళ్ళు పీకేశారు. నొప్పి పోలేదు. అది పంటిది కాదు, ముఖానికి వచ్చే ట్రైజెమినల్ నరానిది. ఎనిమిది అన్న అంకెలో చీల్చడం ఎక్కడుంది? సలపడం ఎక్కడుంది? 1975లోనే కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వవేత్త 78 మాటలను 20 గుంపులు చేసి నొప్పి ప్రశ్నావళి తయారుచేశాడు. గుచ్చే నొప్పి వేరు, తొలిచే నొప్పి వేరు, మండేది వేరు.

వీధి చివర పంక్చర్ షాపు బోర్డు మీది మాట కూడా గుచ్చడం అనే అర్థమున్న లాటిన్ పుంగెరే నుంచి వచ్చిందే. భరించలేని నొప్పిని ఇంగ్లీషులో ఎక్స్‌క్రూషియేటింగ్ అంటారు, అందులో ఉన్నది శిలువ. మనకూ నొప్పికి శూల అన్న మాట ఉంది. మేకు దిగ్గొట్టినట్టు ఉంటుంది కాబట్టే ఆ పేరని సుశ్రుత సంహిత చెబుతుంది.

పెయిన్ అన్న మాటకి మూలం లాటిన్ పోయెనా, అంటే శిక్ష. అది చదివి మనసు కలుక్కుమంది. నొప్పి వచ్చిన ప్రతిసారీ అమ్మ "ఏ జన్మలో ఏ పాపం చేశానో" అంటుంది. ఏ పాపమూ లేదమ్మా. ఒక రక్తనాళం నరాన్ని ఒత్తుతోంది, అంతే.

పోటు, సలుపు, తీపు, చురుక్కు, కలుక్కు. ఇన్ని మాటలున్న మనం డాక్టర్ ముందు కూర్చోగానే "పెయిన్ ఉంది సార్" అంటాం. ఆ రోజు అమ్మ చెబుతుంటే మధ్యలో దూరి ఆ ముక్క అన్నది నేనే. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

ఇప్పుడు మాత్రలు వాడుతోంది. నిన్న పొద్దున బ్రష్ పక్కన పెట్టి, "చీల్చడం లేదురా, అప్పుడప్పుడూ చురుక్కుమంటోంది" అంది. గురువారం డాక్టర్ గారికి చూపించడానికి ఆ మాట ఉన్నదున్నట్టు కాగితం మీద రాసిపెట్టాను.