సగం మూసినా చెట్టు మొత్తం కనిపిస్తుంది
బడుల్లో ల్యాబ్ సామాను లేక కటకాల (లెన్సుల) పాఠాన్ని బోర్డు మీద కిరణచిత్రాలతోనే ముగిస్తున్నారని సైన్సు బోధన మీది వ్యాసంలో రాశారు. నిజమే. కానీ తాతగారి చదువుకునే కళ్లజోడు చాలండీ. ప్లస్ 2 పవర్ అయితే నాభ్యంతరం, అంటే దూరం నుంచి వచ్చే కాంతి కటకం దాటాక ఒకచోట కలిసే దూరం, 50 సెంటీమీటర్లు. గదిలో ఒక్క కిటికీ తెరిచి ఉంచి, ఎదురుగోడకు అరమీటరు దూరంలో పట్టుకుంటే బయటి వేపచెట్టు గోడ మీద తలకిందులుగా పడుతుంది. (అప్పుడు మా పదో తరగతి చేసే గోల చూడాలి!) ఇక కళ్లజోడు అద్దంలో సగాన్ని అట్టముక్కతో మూస్తే ఏమవుతుందో అడగండి. చాలామంది సగం చెట్టే కనిపిస్తుందంటారు. మూసి చూపిస్తే చెట్టు మొత్తం ఉంటుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది. చెట్టులోని ప్రతి బిందువు నుంచీ వచ్చే కాంతి అద్దమంతటా పడుతుంది మరి. అన్నట్టు, దాంతో సూర్యుణ్ణి మాత్రం చూడనివ్వకండి.