"పాపం, అదొక్కటైనా ఉండనీ" అనకండి

మా బావగారికి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలాక ఇంట్లో ఎవరూ ఆయన సిగరెట్ల జోలికి పోలేదు. "ఉన్న బాధలు చాలవూ, పాపం అదొక్కటైనా ఉండనీ" అనుకున్నాం. నేనూ అన్నాను. ఒకరోజు చూస్తే ఆయన రెండు వేళ్ల సందున పెద్ద బొబ్బ. వేళ్లు మొద్దుబారి ఉన్నాయి కదా, సిగరెట్ చివరిదాకా కాలి చర్మం అంటుకున్నా ఆయనకు తెలియలేదు. కమురు వాసన వస్తే అక్క పరిగెత్తింది. మా జాలి మీద నాకు మొదటిసారి అనుమానం వచ్చింది అప్పుడే.

ఈ జబ్బులో మన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాల మీదుండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. పొగ తాగేవాళ్లకు ఇది వచ్చే అవకాశమూ ఎక్కువ, వచ్చాక ముదిరే వేగమూ ఎక్కువ. 2015లో స్వీడన్ పరిశోధకులు ఒక లెక్క చెప్పారు. జబ్బు బయటపడ్డాక కూడా తాగుతూ పోయినవాళ్లు దాదాపు 48 ఏళ్లకే, క్రమంగా దిగజారే దశలోకి వెళ్లారు. మానేసినవాళ్లు 56కి. ఆ తేడా అంతా పొగదేనని ఒట్టేసి చెప్పలేం కానీ, ఎనిమిదేళ్లు ఆ దశ వాయిదా పడటమంటే చిన్న సంగతా?

అలాగని "మానెయ్" అని గదమాయిస్తే సాయం చేసినట్టు కాదు. సిగరెట్ ఆపిన మొదటి రెండు మూడు రోజులు మరీ ఎక్కువగా చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం. అచ్చం ఎంఎస్ లక్షణాల్లాగే ఉంటాయి! జబ్బు తిరగబెట్టిందేమోనని టెన్షన్ పడి మనిషి మళ్లీ వెలిగిస్తాడు. బావగారు మొదటిసారి ఓడిపోయింది అక్కడే. చాలామందికి కొన్ని వారాల్లో ఇవి తగ్గిపోతాయని ముందే చెప్పినవాళ్లు లేరు.

సిగరెట్ మానడానికి నమిలే నికోటిన్ గమ్ మంచిదే. కానీ ఈ జబ్బులో కొందరికి ముఖం నరం పోటు వస్తుంది, వాళ్లు నమలలేరు. చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ తేలికే, కానీ వణికే వేళ్లతో కవర్ ఎవరు చింపుతారు? సిగరెట్ మానడానికే ఇచ్చే బ్యుప్రోపియాన్ మాత్రతో ఫిట్స్ ప్రమాదం కొంచెం పెరుగుతుంది. నడక కోసం ఫాంప్రిడిన్ వాడుతున్నవాళ్లయితే ఆ మాట డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే దానికీ అదే గుణం ఉంది. అందరికీ ఒకే సలహా ఇక్కడ పనికిరాదు.

నాకు డాక్టర్ల మీదా ఒక ఫిర్యాదుంది. కళ్లు, నడక, మూత్రం, ఎంఆర్ఐ అన్నీ అడుగుతారు. సిగరెట్ దగ్గరకొచ్చేసరికి ఫారంలో ఒక టిక్కు, అంతే. వచ్చిన ప్రతిసారీ అడగాలి, ఆ రోజే మందు రాసివ్వాలి.

బావగారిది ఇప్పుడు మూడో ప్రయత్నం. పొద్దున్నే అక్క ప్యాచ్ కవర్ చింపి అంటిస్తుంది. రోజూ ఒకేచోట వేస్తే దురద పెడుతుందని చోటు మారుస్తారు. "నిన్న ఎడమ భుజం, ఇవాళ కుడి" అని ఆయనే గుర్తుచేస్తాడు.