రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసుకునే హక్కు

ఇంటి నుంచి పని చేసే తల్లులు కంపెనీలను మోసం చేస్తున్నారన్న మాట నిజమే. నా దగ్గర రుజువుంది, ముద్దాయిని కూడా నేనే.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు అన్నారు. మా ఆఫీసులో ఆ క్రెష్ ఎక్కడుందో నాకైతే ఎప్పుడూ కనబడలేదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక మాత్రం విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఫ్లాటే ఆఫీసు, అదే క్రెష్, ఆన్‌లైన్ క్లాసులు వచ్చాక అదే బడి కూడా, చట్టాన్ని ఇంతకంటే ఎవరు గౌరవిస్తారండీ. చిక్కల్లా ఏంటంటే నా నాలుగుసార్లూ పొద్దున తొమ్మిదిన్నరకే అయిపోతున్నాయి. పాలు ఒలికాయని ఒకసారి, యూకేజీ వెలగబెడుతున్న మావాడు టీచర్ని మ్యూట్‌లో పెట్టాడని ఒకసారి, రబ్బరు ముక్క ముక్కులో పెట్టుకున్నాడని ఇంకోసారి, నాలుగోది ఊరికే, "అమ్మా" అన్నాడని. ఐదోసారి లేచానంటే అది కంపెనీ సొమ్ము తినడమే.

మా ఆయనకీ ఇంటి నుంచే పని. ఆయన బెడ్‌రూమ్ తలుపేసుకుంటే దాన్ని మీటింగ్ అంటారు. నేను డైనింగ్ టేబుల్ దగ్గర ఓ పక్క లాప్‌టాప్, ఓ పక్క దొండకాయలు పెట్టుకుని కూర్చుంటే "ఫోన్లో ఉంది" అంటారు. "ఇంట్లోనే ఉన్నావుగా అమ్మాయ్, కాస్త పోపు పెట్టెయ్" అంటారు అత్తయ్యగారు. మేనేజర్ గారిదీ అదే లెక్క: "బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ తప్పింది కదమ్మా, ఆ గంటన్నర మనకేగా!" ఆ గంటన్నర రాత్రి పదింటిదాకా సాగుతోంది, మరి బెంజ్ సర్కిల్లో అంతసేపు ఎప్పుడు ఇరుక్కున్నానో గుర్తులేదు.

మా టెన్షన్ తగ్గించడానికి ఒత్తిడి మీద ఓ క్లాసు కూడా పెట్టారు, రాత్రి ఏడున్నరకి, కెమెరా ఆన్ తప్పనిసరి. "ఇప్పుడు ఊపిరి నిదానంగా వదలండి" అన్నారు, మా కుక్కర్ వదిలింది.

మొన్న నెలాఖరు కాల్‌లో మేనేజర్ గారు "రిపోర్ట్ ఎంతవరకు వచ్చిందమ్మా?" అని అడిగారు, నేను అన్‌మ్యూట్ నొక్కానో లేదో బాత్రూమ్‌లోంచి మావాడు గొంతు చించుకుని "అమ్మా, అయిపోయిందీ!" అన్నాడు.

"వెరీ గుడ్, పంపించెయ్యండి" అన్నారాయన.